చుక్కంత గూడబాతు

అమ్మ వాట్సాప్‌లో పంపిన ఫోటోలో సగం ఆకాశం, సగం చేపల చెరువు. మధ్యలో ఒక తెల్ల చుక్క. కింద వాయిస్ మెసేజ్: "ఒరేయ్, గూడబాతు చూడు ఎంత బాగుందో! ముక్కు కింద సంచి కూడా కనపడతంది." ఆవిడకి కనపడుతుంది, ఎదురుగా ఉంది కాబట్టి. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని నేను రెండు వేళ్ళతో ఎంత సాగదీసినా ఆ చుక్క కాస్తా మచ్చ అయింది తప్ప బాతు మాత్రం అవలేదు.

ఇలాంటివి రోజుకి నాలుగైదు వస్తున్నాయి. మాది కైకలూరు దగ్గర ఒక పల్లెటూరు. ఊరి చుట్టూ చేపల చెరువులే. కొల్లేరు పక్కనే, ఆటపాక పక్షుల కేంద్రం కూడా దగ్గరే. చలికాలం వచ్చిందంటే గూడబాతులు, నీటికాకులు, రకరకాల కొంగలు మా గట్ల మీద తిష్ట వేస్తాయి. నాన్న ఉన్నన్నాళ్ళూ అవి మా ఇంటికి శత్రువులు. చేపల్ని ఎత్తుకుపోతాయని టపాసులు పేల్చి, రేకు డబ్బా వాయించి తోలేవాడు. నాన్న పోయి రెండేళ్ళయింది. చెరువు లీజుకి ఇచ్చేశాం. పొద్దున్నే గట్టు మీద నడిచే అలవాటు మాత్రం అమ్మకి పోలేదు. ఇప్పుడు అవే పక్షులకి ఫోటోలు తీస్తోంది. "మీ నాన్న చూస్తే వాటితో పాటు నన్నూ తోలేసేవాడు" అని నవ్వుతుంది.

అందుకే సంక్రాంతికి వెళ్ళేటప్పుడు అమ్మకో కెమెరా తీసుకెళ్ళాలనుకున్నా. బడ్జెట్ ఇరవై వేలు.

నిజానికి నా అల్మారాలో ఒక కెమెరా ఉంది. నికాన్ డి3200. 2012లో వచ్చిన ఎంట్రీ లెవెల్ డీఎస్‌ఎల్‌ఆర్, 24 మెగాపిక్సెళ్ళు. నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పుడు, 2015లో కొన్నాం. అప్పట్లో మెడలో డీఎస్‌ఎల్‌ఆర్ వేలాడుతుంటే కాలేజీలో వాడి లెవెలే వేరు. పేరు పక్కన 'ఫోటోగ్రఫీ' అని తగిలించి ఫేస్‌బుక్‌లో ఒక పేజీ ఉండాలి. నాకూ ఉండేది, పేరు అడక్కండి. ఆ ఏడాది చెరువు పట్టుబడి అయ్యాక నాన్న మేత కొట్టు బాకీ కట్టకుండా ఆ డబ్బుతో కెమెరా కొన్నాడు. ఆ సంగతి నాకు ఉద్యోగం వచ్చాక గానీ తెలియలేదు. ఒక ఏడాది ఊదరగొట్టేశాను. తర్వాత ప్లేస్‌మెంట్లు, ఉద్యోగం, మంచి కెమెరా ఉన్న ఫోను. డి3200 సంచీలోకి, సంచీ అల్మారాలోకి వెళ్ళిపోయాయి.

కాబట్టి నా ప్లాన్ సింపుల్. దానికే ఒక సెకండ్ హ్యాండ్ 55-200 జూమ్ లెన్సు కొని అమ్మకి ఇచ్చేయడం. తీసి చూస్తే కిట్ లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్. కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపులో చూపిస్తే, "క్లీన్ చేయించే డబ్బులతో ఇంకో లెన్సే వస్తుంది భాయ్" అన్నాడు. బాడీ మాత్రం నిక్షేపంగా ఉంది. నికాన్‌లో ఒక సుఖం ఏంటంటే, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క ప్రతి ఫోటో ఫైల్లోనే దాగి ఉంటుంది. చూస్తే 11,200 చిల్లర. ఈ షట్టర్‌ని లక్ష దాకా పరీక్షించారు. అంటే ఇంకా కుర్రదే. 55-200 కూడా అదే గల్లీలో దొరికింది.

ఈలోగా మా టీమ్‌లో ఒకబ్బాయి తన కెనాన్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్ అమ్ముతానన్నాడు. 2018 మోడల్. బరువు 299 గ్రాములు, జూమ్ 40ఎక్స్. జేబులో పట్టేంత. పండక్కి తీసుకెళ్ళి చూసుకుని, నచ్చితేనే డబ్బులివ్వమన్నాడు.

ఇంక మొదలైంది నా రోగం. సాఫ్ట్‌వేర్ వాడికి రెండు ఆప్షన్లిస్తే ఏం చేస్తాడు? ఎక్సెల్ షీట్ ఓపెన్ చేస్తాడు.

ముందు ఆ 40ఎక్స్ సంగతి. అంటే పక్షి నలభై రెట్లు పెద్దగా కనిపిస్తుందని కాదు. ఆ లెన్సు ఒక చివర 24 మి.మీ., ఇంకో చివర 960 మి.మీ. అని, రెండో అంకెని మొదటి దానితో భాగిస్తే వచ్చిందే 40. పక్షి ఫోటోకి ముఖ్యం ఆ 960. నా 55-200 లెన్సు డి3200 మీద పెడితే అదే లెక్కలో 300 దగ్గర ఆగిపోతుంది. అంటే ఒకే చోట నిలబడి తీస్తే చిన్న కెమెరాలో గూడబాతు 3.2 రెట్లు పెద్దగా పడుతుంది.

"కానీ చిన్న కెమెరా సెన్సర్ గోరంత ఉంటుంది, డీఎస్‌ఎల్‌ఆర్‌కి పోటీయా?" అని నాలోని పాత ఫోటోగ్రఫీ పేజీ ఓనర్ లేచాడు. నిజమే. ఎస్‌ఎక్స్740 సెన్సర్ సుమారు 28 చదరపు మి.మీ., డి3200ది సుమారు 357. పన్నెండు రెట్ల పైమాటే. ఈ అంకె చెప్పి నోళ్ళు మూయించడం మాకు కాలేజీలో సరదా. కానీ దూరంగా ఉన్న పక్షి దగ్గర ఈ లెక్క పూర్తిగా పనిచేయదు. 300 దగ్గర తీసిన డీఎస్‌ఎల్‌ఆర్ ఫోటోలో పక్షి ఒక మూల ముక్కే. చిన్న కెమెరాలో వచ్చినంత పెద్దగా కావాలంటే ఫోటోని కత్తిరించాలి. కత్తిరిస్తే 24 మెగాపిక్సెళ్ళలో మిగిలేది 2.3. ఆ మిగతా సెన్సరంతా ఆకాశాన్నీ చెరువునీ ఫోటో తీసింది, పక్షిని కాదు.

అసలు చూడాల్సింది, ఆ పక్షి నుంచి వచ్చే వెలుతురు ఎంత కంత గుండా లోపలికి వెళ్తోందని. లెన్సు పొడవుని ఎఫ్ నంబర్‌తో భాగిస్తే ఆ కంత వెడల్పు వస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో 200ని 5.6తో భాగిస్తే దాదాపు 36 మి.మీ. చిన్న కెమెరా లెన్సు అసలు పొడవు 172, ఎఫ్ నంబర్ 6.9, కాబట్టి 25 మి.మీ. వైశాల్యం చూస్తే డీఎస్‌ఎల్‌ఆర్‌లోకి రెట్టింపు వెలుతురు వస్తోంది. రెట్టింపే, పన్నెండు రెట్లు కాదు. ఇది కనుక్కున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. బీటెక్‌లో ఎంతమందితో ఎన్ని గొడవలు పడ్డానో!

షీట్ ఏమీ తేల్చలేదు. రెండూ సంచీలో వేసుకుని బస్సెక్కా.

భోగి మర్నాడు పొద్దున ఏడున్నరకి, మంచు విడుస్తుండగా అమ్మా నేనూ గట్టు మీదకి వెళ్ళాం. ముందు డి3200 ఇచ్చా. లెన్సుతో కలిపి 840 గ్రాములు. "సొరకాయంత ఉందిరా" అంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టగానే మాత్రం మొహం వెలిగిపోయింది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళు, పైగా కళ్ళజోడు. వ్యూఫైండర్ పక్కన ఉండే బుల్లి చక్రం తిప్పి ఆవిడ చూపుకి సరిచేసి ఇచ్చా. "అచ్చం అద్దంలో చూసినట్టుంది" అంది. లోపల ఉన్నది అద్దమే మరి! ఒక గూడబాతు నీళ్ళ మీద పరుగు తీసి లేచింది. అమ్మ టక్కున నొక్కింది. రెక్కలు విప్పుకుని, పట్టుగా, ఫోకస్‌లో పడింది. చిన్నగానే ఉంది గానీ పడింది.

తర్వాత చిన్న కెమెరా. దీనికి వ్యూఫైండర్ లేదు. ఎదురెండలో స్క్రీన్ సరిగ్గా కనపడక అమ్మ పమిట కొంగు దానికి గొడుగులా పట్టింది. పూర్తి జూమ్‌లో చెయ్యి వెంట్రుకవాసి కదిలినా పక్షి ఫ్రేమ్‌లోంచి మాయమైపోతుంది. "ఏదిరా, ఎటు పోయింది?" అని వెతుక్కోవడం. దానికి ఇందులో ఒక బటన్ ఉంది. నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కొస్తుంది, పక్షిని మళ్ళీ మధ్యలో పెట్టుకుని వదిలేస్తే ఉన్న చోటికి వెళ్తుంది. పది నిమిషాల్లో అమ్మకి అది చేతికొచ్చేసింది. ఎగిరేవాటిని వదిలేసింది. అవతలి గట్టు మీద కూర్చున్న దాన్ని పట్టుకుంది. ముక్కు కింద సంచి, దాని మీద మచ్చలు, కంటి చుట్టూ ఉన్న రంగు కూడా!

"ఇదిగో, ఇదేరా నేను నీకు చెప్పింది" అంది.

కనుమ రోజు సాయంత్రం ఆటపాక వెళ్ళాం. పడవలో తిరిగాం. గూళ్ళ కోసం కట్టిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు కిక్కిరిసి ఉన్నాయి. అయిదున్నర దాటాక చిన్న కెమెరా చేతులెత్తేసింది. ఈకలన్నీ నీళ్ళు పడ్డ ముగ్గులా అలికినట్టయ్యాయి. డీఎస్‌ఎల్‌ఆర్ ఇంకో పావుగంట లాక్కొచ్చింది. రెట్టింపు వెలుతురంటే అంతే మరి. నేను మనసులో దానికో పాయింట్ వేశా.

రాత్రి మంచం మీద కూర్చుని ఫోటోలు చూద్దామంటే డి3200లో వైఫై లేదు. కార్డు తియ్యాలి, రీడర్‌లో పెట్టాలి, రీడర్ ఫోనుకి పెట్టాలి. నేను ఆ రీడర్ కోసం బ్యాగంతా తిరగేస్తుండగానే అమ్మ చిన్న కెమెరా నుంచి ఫోనులోకి ఆరు ఫోటోలు దింపి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. మా చిన్నత్త అప్పుడే మూడు దండాల ఎమోజీలు కూడా పంపింది.

అయినా నేను వదల్లేదు. "అమ్మా, డీఎస్‌ఎల్‌ఆర్‌లో రెక్క మీద ఈకలు చూడు, ఎంత క్లియర్‌గా ఉన్నాయో..."

"ఈకలు లెక్కపెట్టి ఏం చేసుకుంటాన్రా?"

"అది కాదే, ఇంత మంచి కెమెరా ఊరికే..."

"అది నీకని కొన్నారు మీ నాన్న. నువ్వు వాడకుండా నాకెందుకు అంటగడతావు?"

దానికి నా షీట్‌లో కాలమ్ లేదు. ఎదురుగా గోడ మీద నాన్న ఫోటో. దండ వేసి, చిన్న లైటు పెట్టి. ఆ ఫోటో ఈ కెమెరాతో తీసిందే. ఒక పెళ్ళిలో పద్నాలుగు మంది ఉన్న గ్రూప్ ఫోటోలోంచి నాన్న ముఖం వరకూ కత్తిరించి పెద్దది చేయించాం. 24 మెగాపిక్సెళ్ళు కాబట్టి నిలబడింది. పదకొండు వేల ఫోటోలు తీశాను. గడ్డి మీద మంచు బిందువులు, ఫ్రెండ్స్ బైకులు, రైలు పట్టాలు. నాన్నని ఒక్కడినీ కూర్చోబెట్టి తీసింది ఒక్కటీ లేదు. ఆ కెమెరాని అమ్మకి ఇచ్చేస్తే దాని ముఖం చూడక్కర్లేదని లోపల ఎక్కడో ఉందేమో నాకు.

చిన్న కెమెరా అమ్మ దగ్గరే ఉండిపోయింది. మా టీమ్ అబ్బాయికి ఆ రాత్రే డబ్బులు పంపేశా.

మీలో ఎవరైనా ఇదే డైలమాలో ఉంటే నా మాట ఇది. పగలు, దూరంగా ఉన్నవి, ప్రయాణాల్లో తీసేవి అయితే చిన్న సూపర్‌జూమ్ తీసుకోండి, సిగ్గుపడక్కర్లేదు. ఇంట్లో, రాత్రిపూట, మనుషుల్ని తీయాలంటే పాత డీఎస్‌ఎల్‌ఆర్. అక్కడ ఆ పెద్ద సెన్సర్ పూర్తిగా పనికొస్తుంది, కాకపోతే కిట్ లెన్సుతో కాదు, 35 ఎఫ్/1.8 లాంటి దానితో. డి3200 లాంటి నికాన్ బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. చవగ్గా వస్తోందని 50 ఎఫ్/1.8డి కొనేస్తే చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి, ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. ఏ లెన్సయినా సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఒకవైపు నుంచి ఫోన్ టార్చ్ కొట్టి రెండోవైపు నుంచి చూడండి, ఫంగస్ దాక్కోలేదు. సూపర్‌జూమ్ అయితే పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి. లెన్సు బయటికి వచ్చేటప్పుడు కరకరలాడితే లోపల ఇసుక చేరినట్టే, వదిలేయండి. ఎస్‌ఎక్స్740లో రా ఫైళ్ళు రావు, ఎడిటింగ్ పిచ్చి ఉన్నవాళ్ళకి అది పెద్ద లోటు. ఇంక మామూలు ఫోటోలకి ఈ రెండూ వద్దు, ఫోను చాలు.

సెలవులయ్యాక హైదరాబాద్ వచ్చి మళ్ళీ కోఠి వెళ్ళా. 55-200 వెనక్కిచ్చి, కొంత కలిపి 35 ఎఫ్/1.8 తెచ్చుకున్నా. శివరాత్రికి ఇంటికెళ్ళినప్పుడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అమ్మని అరుగు మీద కూర్చోమన్నా.

"ఇప్పుడు నాకెందుకురా ఫోటో? దండకి రెడీ చేస్తున్నావా?" అంది.

"నీ నోట్లో ఎప్పుడూ అదే మాట" అని కసిరా. ఆవిడ నవ్వింది. నవ్వుతూనే పమిట సర్దుకుంది. కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. ఇరవై ఫోటోలు తీశా. అన్నీ ఉంచుకున్నా.

మొన్న మళ్ళీ వాయిస్ మెసేజ్. "ఒరేయ్, లకుముకి పిట్ట చేపని నోట కరుచుకున్నాక చార్జింగ్ అయిపోయిందిరా ఈ కెమెరాకి!" ఆ బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారం 265 ఫోటోలకే వస్తుంది. డి3200కి 540. ఆ ముక్క నేను అమ్మతో అనలేదు. రెండో బ్యాటరీ ఆర్డర్ పెట్టా, గురువారం వస్తుందట.