నెత్తురు పడితే అన్నీ మొలలేనా?

దొడ్డికి కూర్చుంటే నెత్తురు పడిందంటే మన పల్లెల్లో వినపడే మాట ఒక్కటే. కెరమెరి వైపు మొలలంటారు, జివతిలో మరాఠీవాళ్లు మూళవ్యాధ్ అంటారు. పేరు మారింది గానీ వైద్యం మారలేదు: ఆరెంపీ సూది, లేదంటే పసరు మందు. చాలామందికి అవి నిజంగా మొలలే కావచ్చు. కాని సూదులైనా, కోతైనా నెత్తురు ఆగకపోతే? అప్పుడైనా అనుమానం రావాలి కదా!

పెద్దపేగు చివర, మలద్వారానికి కొద్దిగా పైన, ముందువైపు గోడ మీద పుండు పడే జబ్బొకటి ఉంది. డాక్టర్లు దాన్ని సాలిటరీ రెక్టల్ అల్సర్ అంటారు, అంటే ఒంటరి పుండు. పేరే పెద్ద తిరకాసు. కొందరికి పుండ్లు రెండు మూడుంటాయి, కొందరికి పుండే ఉండదు, ఎర్రగా కందిపోయి ఉంటుంది, లేదా కండలా పెరుగుతుంది. లక్ష మందిలో ఏడాదికి ఒక్కరికి వస్తుందని అంచనా. 1969లో లండన్‌లో మాడిగన్, మోర్సన్ అనే ఇద్దరు 68 మంది రోగులను పరిశీలించి దీని గుట్టు విప్పారు. ఇది క్యాన్సర్ కాదు.

మూలం ముక్కుడులో ఉంది. వదులు కావాల్సిన కండరం బిగుసుకుంటుంది, పేగు గోడ లోపలే కిందికి జారుతుంది, రాపిడికి నెత్తురు ప్రసరణ తగ్గి పుండవుతుంది. నెత్తురు, జిగట, ఎంతసేపు కూర్చున్నా ఇంకా మిగిలిందన్న బాధ, వేలితో తీసుకోవాల్సిన అవస్థ... ఈ చివరిది సిగ్గుతో ఎవరూ చెప్పరు. డాక్టరుకు అసలు ఆనవాలు అదే. మాణిక్‌గఢ్ కొండల మీద ఎండాకాలం నీళ్ల కటకట సంగతి వేరే చెప్పాలా? నీళ్లు తక్కువైతే మలబద్ధకం, మలబద్ధకమైతే ముక్కుడు.

నిర్ధారణకు మొదట కావలసింది ఒక చేతి తొడుగు, ఓపిక. ఆ తర్వాత గొట్టంతో లోపల చూసి ముక్క తీసి పరీక్షకు పంపాలి. చూపుకు క్యాన్సర్‌లా, పేగు పూతలా కూడా కనపడుతుంది కాబట్టి ముక్క పరీక్ష లేకుండా ఎవరు ఏ పేరు పెట్టినా నమ్మొద్దు. తేలాక చాలామందికి కోత అక్కర్లేదు. పీచు తిండి, నీళ్లు, ముక్కడం మానే శిక్షణతో తగ్గుతుంది. ఫోను పట్టుకొని అరగంట కూర్చునే కుర్రాళ్లూ వింటున్నారా? బరువు తగ్గినా, నెత్తురు లేక పాలిపోయినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చివున్నా ఒక్కరోజు ఆగొద్దు.

జివతి తాలూకాలోని ఆ పద్నాలుగు ఊళ్లలో ఇంటింటా రెండు రాష్ట్రాల కార్డులున్నాయి. రోగం వస్తే మాత్రం చంద్రపూర్‌లో మొదలైన పరీక్షను ఆదిలాబాద్‌లో మళ్లీ మొదటి నుంచి చేయాలి, కాగితం రోగి వెంట రాదు గనుక. ముక్క పరీక్ష రిపోర్టు నకలును రోగి చేతికివ్వడానికి ఏ సర్కారుకూ ఖర్చు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్లను చూసేటప్పుడు నర్సమ్మను పక్కన నిలబెట్టడానికీ జీవో అక్కర్లేదు. ఈ రెండూ రేపటి ఓపీ నుంచే మొదలుపెట్టొచ్చు.