పండుగ పళ్ళెము

డిసెంబరు 25వ తేదీ క్రిస్మసు మొదలుకొని జనవరి నడుమ వచ్చు కనుమ వఱకు గల మూడు వారములును గుంటూరు, ఒంగోలు సీమలందు విందుల కాలము. చేలలో పత్తితీత సాగుచుండును, మిరపతోటలు ఎఱ్ఱబాఱుచుండును, పట్టణములలో సెలవులకు వచ్చిన బిడ్డలతో నిండ్లు కళకళలాడుచుండును. 1842లో లూథరను మిషనరీ హేయరు గుంటూరునకు వచ్చిన నాటినుండి క్రమక్రమముగా క్రిస్మసు ఈ సీమ పండుగలలో నొకటియైనది. సంక్రాంతి యనాదిగా నున్నదే. కావున మన పండుగ విందులకు హిందువులు, క్రైస్తవులు, మహమ్మదీయులు నొక్క గడపలోనే కలిసికొనుచుందురు. ఇది మన సీమకు భూషణము.

ఇట్టి విందులలో ఇటీవల నొక క్రొత్త వస్తువు ప్రవేశించినది. వెడల్పైన చెక్కపలకపై ఉప్పున ఊరవేసిన మాంసపు పలుచని ముక్కలను, నాలుగైదు తెఱగుల చీజును, ద్రాక్షలను, బాదములను, బిస్కత్తులను ముచ్చటగా పేర్చి, అతిథుల నడుమ నుంచుచున్నారు. అందఱును చుట్టును నిలిచి మాటలాడుకొనుచు, ఎవరికి వలసినది వారు తీసికొందురు. విదేశీయమైనదను నొక్క కారణముచే దీనిని నిందించుట మా మతము కాదు. మనము తలయెత్తి చెప్పుకొను మిరపకాయ మాత్రము మనదా? అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి యోడలపై వచ్చినదే కదా! అంతకుముందు మన పెద్దలకు కారమనగా మిరియము, పిప్పలి, అల్లమునే. వచ్చినదానిని మనదిగా చేసికొనుట తెలిసినవారము మనము. అయితే ఈ పలకను మనము మనదిగా చేసికొంటిమా, లేక కొని తెచ్చి పఱచితిమా? విచారింపవలసినది ఇదియే.

ఈ వంటకపు పుట్టుక ముచ్చటను కాదు, అవసరమును ఆశ్రయించియున్నది. ఐరోపాలో శీతకాలమున పసరము లేక పశువులను మేపుట దుర్ఘటము. కావున చలి ముదురకమునుపే కొన్నిటిని కోసి, మాంసమును ఉప్పున ఊరవేసి, పొగబెట్టి, నేలమాళిగలలో వ్రేలాడగట్టి ఏడాది పొడుగునను దాచుకొనిరి. ఫ్రాన్సులో ఈ పని చేయువారికి 1476లోనే రాజశాసనము వలన ప్రత్యేక వృత్తిసంఘము ఏర్పడినది. పాలను కూడ నట్లే చీజుగా మార్చి నిలువచేసికొనిరి. పండుగనాడు ఆ కొట్టు తలుపు తెఱచి, దాచినదానిని చుట్టములకు పంచిపెట్టుటయే ఈ పలక యొక్క పరమార్థము.

మనకును కొట్టు కలదు. కాని మన ఎండలో మాంసము వ్రేలాడగట్టిన నిలువదు, కుళ్ళును. కావున మన తల్లులు ఉప్పును, ఎండను, కారమును, నూనెను ఆశ్రయించిరి. చినగంజాము కొటారుల ఉప్పు, పొలములోని మిరప, గానుగ నూనె కలిసి మాంసపు పచ్చడి జాడీ యైనది. పాలు మన వాతావరణమున చీజుగా పండుటకు బదులు పెరుగై, వెన్నయై, నేతికుండ యైనవి. వారి నేలమాళిగకు మన జాడీయును ఉట్టియును సమానములు.

చీజును మన పాఠ్యపుస్తకములలో జున్ను అని అనువదించుట వాడుక. నిజమునకు రెండును వేఱు. జున్ను ఈనిన పశువు తొలిపాలతో, బెల్లమును మిరియమును చేర్చి ఆవిరిపై ఉడికించునది. ఆ తొలిపాలలో దూడకు రోగనిరోధక శక్తి కలదు. పుట్టుకతో దానికి ఆ శక్తి లేదు. కావున దూడ కడుపు నిండిన పిదప మిగిలినదే మన వంతు. ఈ నియమము నెఱిగిన కాపు తన గేదె తొలిపాలను పిండునపుడు ముందు దూడను విడుచును.

ఇంక పళ్ళెము మాట. భోజనమునకు ముందు ఇరువదిమందికి పెట్టునదైనచో ఎముక లేని మాంసమొక కిలో, పాలతో చేసినవి యొక కిలో చాలును. పలనాటి మేకపోతు మాంసమును పసుపు, ఉప్పు, అల్లము, వెల్లుల్లితో ఉడికించి, నీరిగిర్చి, గుంటూరు కారముతో వేయించిన ముక్కలొక వైపు. చిన్న గిన్నెలో మాంసపు పచ్చడి. దాని ప్రక్కన కోడి వేపుడు. రెండవ పళ్ళెములో విఱిచిన పాల ముద్ద. ఐదు లీటర్ల గేదెపాలను నిమ్మరసముతో విఱిచి, గుడ్డలో వడగట్టి, బరువుంచినచో ఇంచుమించు కిలో ముద్ద వచ్చును. దానిని ముక్కలుగా కోసి ఉప్పును మిరియపు పొడిని చల్లవలెను. గుడ్డలో వ్రేలాడగట్టిన గట్టి పెరుగు, దొరికినచో జున్నుముక్కలు. బిస్కత్తులకు మాఱుగా పప్పుచెక్కలు, మినపగారెలు. ద్రాక్షలకు మాఱుగా రేగుపండ్లు, జామకాయ, చెఱకుముక్కలు. నంజుటకు వేయించిన చల్లమిరపకాయలు. ఈ పళ్ళెమునకు వ్రయమైన రూక గొఱ్ఱెలకాపరికిని, పాలమ్మిన యిల్లాలికిని చేరును.

వస్తువు మనదైనంత మాత్రమున దోషము లేకపోదు. ఉప్పున ఊరవేసియో, పొగబెట్టియో నిలువచేసిన మాంసము పేగుల క్యాన్సరునకు కారణమని 2015లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. మన ఎండుమాంసము కూడ ఆ కోవలోనిదే. ఏటికొక పండుగకు రుచి చూచుట వేఱు. దినదినమును తినుట వేఱు. మఱియు, వండిన మాంసమును, పాలవస్తువులను బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. ఎండ తీవ్రముగా నున్నపుడు ఒక గంటయే. అంతయు నొక్కసారి పఱచక, కొంచెము కొంచెముగా తెచ్చి పెట్టుటయే వివేకము.

న్యాయస్థానములో పత్రముల మాటలు తూచుట మా వృత్తి. సరుకు పొట్లముపైని మాటయును పత్రమే. పాలకొవ్వునకు బదులు తాటిజాతి నూనెతో చేసిన వస్తువును చీజని పిలువరాదని మన ఆహార నిబంధనలు చెప్పుచున్నవి. చౌకగా వచ్చినదని కొనుటకు ముందు ఆ చిన్న అక్షరములను చదువుడు. చదువనివాడు తాను మోసపోవుటయే గాక, అతిథిని మోసగించినవాడగును.

ఇదంతయు వ్రాయుటకు మమ్ము పురికొల్పిన సంగతి యొకటి కలదు. పోయిన జనవరిలో నొక మిత్రుని యింట నిట్టి పలక చుట్టును ముప్పదిమంది నిలిచియుంటిమి. అందులో శాకాహారియైన వృద్ధుడొకరుండిరి. చీజు శాకాహారమే కదా యని యెవరో బలవంతపెట్టిరి. కొన్ని చీజులకు దూడ పొట్టలోని పొరనుండి తీసిన తోడు వేయుదురనియు, అది యేదియో పొట్లము చూడనిదే తెలియదనియు ఆయన యడిగిన పిమ్మట తేలినది. పొట్లములను అప్పటికే పాఱవేసియుండిరి. మాంసమును చీజును కోయుటకు నొక్కటే కత్తి. ప్రక్కనే నిలిచిన మహమ్మదీయ మిత్రుడు ఆ గులాబి ముక్క ఏ జంతువుదని మెల్లగా నడిగెను, చెప్పగలవారు లేరు. “ఆకలి లేదు నాయనా” యని ఆ పెద్దాయన మంచినీళ్ళు మాత్రము త్రాగి వెడలిపోయిరి. మేమును ఆ పలకనుండి తినుచుంటిమి. ఆయనను గమనించునప్పటికి మా చేతిలోని ముక్క సగమైనది. ఆ సిగ్గు మాకింకను పోలేదు.

పంక్తిభోజనమున వడ్డించువాడు ప్రతి విస్తరి ముందును ఆగును; ఎవరికేమి కావలయునో, ఎవరికేది వలదో యడుగును. పలకయొద్ద అడుగువాడు లేడు. ఆ లోటును గృహస్థు ముందే తీర్పవలెను. మాంసమున కొక పళ్ళెము, పాలకొక పళ్ళెము, రెంటికి వేర్వేఱు కత్తులు. ప్రతిదాని ముందును అది యేమియో, ఏ జంతువుదో తెలుగున వ్రాసిన చీటి. ఇందుకు పట్టు కాలము పది నిమిషములు.

పండుగ గొప్పదనమును తిన్నవారి లెక్కతో కొలువరాదు. తినలేక తిరిగిపోయినవారెందఱో దానితో కొలువవలెను. రాబోవు కనుమకు మన యిండ్ల ఆ లెక్క సున్న యగుగాక.