ఇంటికొచ్చాకే అసలు పరీక్ష

"మావాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడమ్మా!" మా వీధిలో ఒక పిన్నిగారు ఏడాదిగా పేరంటాల్లో చెబుతున్న మాటిది. నిజానికి కొడుకు ఉన్నది జైల్లో. మత్తుమందుల అలవాటు అక్కడిదాకా తీసుకెళ్లింది. వచ్చేనెల విడుదల. "జైల్లో ఎలాగూ మానేశాడుగా, ఇక భయంలేదు" అని నా దగ్గర కళ్లొత్తుకున్నారు.

దొరక్కపోవడం వేరు, మానేయడం వేరు. మత్తు లేక ఒళ్లు నాలుగు రోజులకో, నాలుగు వారాలకో కుదుటపడుతుంది. దిగులు, నిద్రలేమి, సిగ్గు, 'నేనింతే' అన్న నిరాశ మాత్రం అంత తేలిగ్గా పోవు. వాటికి కావలసింది వైద్యం, కౌన్సెలింగ్, చేతికో పని. 1993లో కిరణ్ బేడీ తీహార్ జైళ్ల బాధ్యత తీసుకున్నాక ఖైదీలకు చదువు, ధ్యానం, వ్యసనాలకు చికిత్స మీద శ్రద్ధ పెరిగింది. 1994లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి విపశ్యన శిబిరంలో కూర్చున్నారు. ఖైదీని మనిషిగా చూడవచ్చని అప్పుడు దేశమంతా గమనించింది.

మరి బయటికొచ్చాక? హెరాయిన్ లాంటివి కొన్నాళ్లు ఆపితే శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్లీ పాత మోతాదే తీసుకుంటే ప్రాణం పోవచ్చు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ఖైదీల గురించి 2007లో వెలువడిన అధ్యయనం కూడా మొదటి రెండు వారాలే అత్యంత ప్రమాదకరమని తేల్చింది. మనిళ్లల్లో "పరువు తీశావు కదరా!" అని దెప్పేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే.

అసలు జైలుదాకా వెళ్లకుండానే చట్టం ఒక దారి ఉంచింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64-ఎ సెక్షన్ ప్రకారం, మత్తుకు బానిసై, వాడకం కేసులోనో కొద్ది పరిమాణం దొరికిన కేసులోనో చిక్కుకున్నవారు తమంతట తాము ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో చికిత్స పొందితే, ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం దాన్ని రద్దు చేయవచ్చు. 39వ సెక్షన్ కింద, ఇలాంటి కేసుల్లో నేరం రుజువైనా, వ్యసనపరుడు ఒప్పుకుంటే కోర్టు చికిత్సకు పంపవచ్చు. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? పరువు కోసం దాచినన్నాళ్లూ ఏ దారీ కనబడదు.

పిన్నిగారికి నేను చెప్పింది ఇంతే: విడుదలకు ముందే డాక్టరుతో మాట్లాడి ఉంచండి. 14446కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా ఇస్తారు. ఆరోజు జైలు గేటు దగ్గర పాత స్నేహితులకంటే ముందు మీరుండండి.