ఆకాశపు ఆస్తికి వకీలు ఎవరు?

పొలమున్న ప్రతి గృహస్థునకును గట్టు తగాదా యననేమో తెలియును. సరిహద్దు రాయి కదలినచో అమీను వచ్చి గొలుసు పట్టి కొలుచును. ప్లీడరు దస్తావేజు చూపి వాదించును. కరణము లెక్కయు పొరుగువాని సాక్ష్యమును తోడ్పడును. రాళ్లుగాని గట్లుగాని లేని మహాక్షేత్రము మన తలలపై నొకటి కలదు. రేడియో, టెలివిజను, చేతి టెలిఫోను, ఉపగ్రహము, వీని వార్తలను మోయు తరంగముల క్షేత్రమది. స్పెక్ట్రమని దానికి వాడుక పేరు. చట్టమునందలి మాటలే దానికి సరిహద్దు రాళ్లు. ఆ మాటలను కూర్చువాడును, వాని పక్షమున న్యాయస్థానములందు నిలుచువాడును ప్రభుత్వ న్యాయవాది. ఇంతటి ఆస్తి యెవని కలముపై నాధారపడియున్నదో ఆ యుద్యోగమును గూర్చి మన ప్రజలు విచారించుట అరుదు. నేడు దానిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

ఈ క్షేత్రము ఎవరిది? 1885లో నాటి పరప్రభుత్వము టెలిగ్రాఫు చట్టము చేసి వార్తలను పంపు సర్వాధికారమును తన గుప్పిటిలో నుంచుకొనెను. 1933లో తంతిలేని టెలిగ్రాఫునకు వేరొక చట్టమును చేర్చెను. స్వరాజ్యము వచ్చిన తరువాతను ఈ రెండు శాసనములే చిరకాలము నడచినవి. ఏలికలు మారిరి గాని తాళపుచెవి మారలేదు. కడపట 1995 ఫిబ్రవరి 9వ తేదీన, సమాచార ప్రసార మంత్రిత్వశాఖకును బెంగాలు క్రికెట్టు సంఘమునకును జరిగిన వ్యాజ్యెమునందు, సుప్రీంకోర్టువారు ఈ తరంగములు ప్రజల సొత్తనియు, ప్రజాక్షేమము కొరకే వానిని వినియోగింపవలెననియు తీర్పు చెప్పిరి. ఆ తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తులలో మన తెలుగువారైన బి. పి. జీవన్‌రెడ్డిగా రొకరు. నాటినుండి ప్రభుత్వము యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే. ధర్మకర్తకు వకీలుగా నిలిచినవాడు ధర్మకర్త మాటను వినవలెనా, దేవాలయపు ఆస్తిని కాపాడవలెనా? ప్రశ్న యంతయు ఇందే యున్నది.

ఆ యుద్యోగ మెట్టిదో కొంచెము చూతము. ఒకే ప్రదేశమున ఒకే తరంగముపై ఇద్దరు మాటలాడినచో ఇద్దరి మాటయు వినబడదు. ఒకే కాలువకు వంతు తప్పి ఇద్దరు తూము లెత్తినచో చివరి చేను ఎండినట్లే. కావున ఎవరికి ఏ తరంగము, ఎంత బలముతో, ఎన్నియేండ్లకు అను వంతును ఇంజనీర్లు లెక్కకట్టుదురు. ఆ లెక్కను శాసనపు భాషలోనికి దింపుట, లైసెన్సు షరతులను, వేలపు నిబంధనలను వ్రాయుట, మంత్రి యడిగిన ప్రశ్నకు ఫైలుపై అభిప్రాయ మిచ్చుట, వివాదము పుట్టినప్పుడు 2000లో ఏర్పడిన టెలికాం ట్రిబ్యునలు యెదుటను, ఆపైన సుప్రీంకోర్టునందును వాదించుట ప్రభుత్వ న్యాయవాదుల పని. ఆవలిపక్షమున కోట్లకు పడగలెత్తిన కంపెనీలు దేశమునందలి మహామహులైన న్యాయవాదులను నియోగించుకొని నిలుచును. ఈవల ప్రజలపక్షమున నిలుచువా డొక్కడే.

ఈ యుద్యోగమునందు సత్యము పలుకుట యెట్టిదో అమెరికా చరిత్రమున నొక నిదర్శనము కలదు. 1926లో జెనిత్ అను రేడియో కంపెనీ తనకు కేటాయింపని తరంగముపై ప్రసారము చేసెను. వాణిజ్యశాఖ కార్యదర్శి హెర్బర్టు హూవరుగారు దానిని నిర్బంధింపబోగా, 1912 నాటి చట్టము ఆయన కట్టి యధికారము నీయలేదని కోర్టు చెప్పెను. హూవరుగారు అటార్నీ జనరలు కార్యాలయము నభిప్రాయ మడిగిరి. నాడు తాత్కాలికముగా ఆ స్థానము నిర్వహించుచున్న విలియం డోనోవనుగారు, కోర్టు చెప్పినది నిజమే, మీకా యధికారము లేదని ఆ యేటి జూలైలో వ్రాసి యిచ్చిరి. ప్రభుత్వపు వకీలే ప్రభుత్వమునకు అధికారము లేదనెను! ఫలితముగా కొన్ని నెలలు ఆ దేశపు ఆకాశమున అరాజకము ప్రబలినది. స్టేషనులు ఒకదాని తరంగముపై నొకటి పడినవి. కాని ఆ చిక్కే 1927 ఫిబ్రవరిలో క్రొత్త రేడియో చట్టమునకును, 1934లో నేటి కమిషను స్థాపనకును దారితీసినది. వకీలు ముఖప్రీతికి వంకరదారి చూపియున్నచో ఆ దేశము సరియైన చట్టమును అంత త్వరగా చేసియుండెడిది కాదు.

మన దేశమున నేమి జరిగినది? 2007 నవంబరు 1వ తేదీన న్యాయశాఖ మంత్రి, రెండవ తరపు టెలిఫోను లైసెన్సుల వ్యవహారమును మంత్రుల సంఘమున విచారించి, అటార్నీ జనరలు అభిప్రాయమును గైకొనవలెనని సలహా వ్రాసిరి. టెలికాం మంత్రి ఆ సలహా అప్రస్తుతమని త్రోసిపుచ్చిరి. 2008 జనవరి 10వ తేదీన 2001 నాటి ధరకే, అనగా దేశమంతటికి 1,658 కోట్ల రూపాయల చొప్పుననే, అనుమతులకు ద్వారములు తెరచిరి. 2012 ఫిబ్రవరి 2వ తేదీన సుప్రీంకోర్టువారు 122 లైసెన్సులను ఒక్క పెట్టున రద్దుచేసిరి. నేరారోపణము మాట వేరు. 2017 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము నిందితుల నందరిని విడిచిపెట్టినది. వేలమొక్కటియే రాజ్యాంగసమ్మతమైన పద్ధతి కాదనియు సుప్రీంకోర్టువారే 2012 సెప్టెంబరులో సెలవిచ్చిరి. ఆ రెండింటిని మేము మరువలేదు. మా ప్రశ్న వేరు. సలహా ఫైలులో నున్నది. దానిని త్రోసివేసిన మంత్రి యుండెను. ఆ త్రోసివేతను తరువాత సుప్రీంకోర్టులో సమర్థింపవలసిన భారము ప్రభుత్వ న్యాయవాదులపై బడినది. సలహా యిచ్చునప్పుడు వినబడని గొంతు సమర్థించునప్పుడు మాత్రము కావలసివచ్చినది.

ఇంకొక కథ వినుడు. 1999లో ప్రభుత్వము నిలుకడ రుసుమును మాని కంపెనీల ఆదాయమున వాటా పుచ్చుకొనుట కారంభించెను. ఆదాయమననేమి? టెలిఫోను వ్యాపారమున వచ్చినది మాత్రమా? వడ్డీలు, అద్దెలు కూడనా? లైసెన్సునందలి ఈ యొక్క మాటపై వ్యాజ్యెము ఏండ్ల తరబడి సాగినది. 2019 అక్టోబరు 24వ తేదీన సుప్రీంకోర్టువారు ప్రభుత్వపక్షమున తీర్పు చెప్పిరి. బకాయి సుమారు 92 వేల కోట్లని నాటి లెక్క. గెలుపు గొప్పదే. కాని బాకీదారులు చెల్లింపలేని స్థితికి వచ్చిరి. 2020లో కోర్టువారే పదియేండ్ల గడువిచ్చిరి. 2023లో నొక కంపెనీ వడ్డీ బాకీకి బదులుగా ప్రభుత్వము దానియందు మూడవవంతు వాటాను పుచ్చుకొనవలసి వచ్చినది. దావా గెలిచి డిక్రీ పుచ్చుకొన్న షావుకారు, కడపట బాకీదారుని దుకాణమున భాగస్వామియై కూర్చుండెను! మొదటనే ఆ మాటకు నిస్సందేహమైన యర్థమును వ్రాసియున్నచో ఈ శ్రమ యంతయు తప్పియుండెడిది.

మంత్రులు ప్రజలెన్నుకొన్నవారు, వకీలు ఎవరు ఎన్నుకొన్నవాడు, అతని మాటకు మంత్రి యేల తలయొగ్గవలెనని కొందరందురు. ఈ యాక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. విధానము నిర్ణయించుట మంత్రి హక్కే. వకీలునకు నిషేధాధికారము మేము కోరము. కాని రోగి మందు త్రాగకపోవచ్చును గాని, వైద్యుడు చీటీయే వ్రాయలేదని చెప్పరాదు. సలహాను కాదనుటకు మంత్రికి హక్కు కలదు. కాదన్న కారణమును వ్రాసి సంతకము చేయు బాధ్యతయు కలదు.

కావున మేము కోరునవి నాలుగు. తరంగశాస్త్రమును శాసనమును రెంటిని నేర్చిన శాశ్వత న్యాయవాదుల బృందము ప్రభుత్వమున కుండవలెను. ప్రభుత్వములు మారినపుడెల్ల వకీళ్ల జాబితాయు మారుచుండినచో ఆ విద్య యెవనియందును నిలువదు. కేటాయింపులపై వారిచ్చిన అభిప్రాయము వ్రాతమూలకముగా నుండి, నిర్ణయమైన పిదప, దేశరక్షణకు సంబంధించినవి తప్ప, పార్లమెంటు ముందుంచబడవలెను. ఆ యుద్యోగమును విడిచినవారు కొన్నియేండ్లవరకు తాము నియంత్రించిన కంపెనీల కొలువున చేరరాదు. లైసెన్సునందలి ప్రతి డబ్బు మాటయు సంతకమునకు ముందే ఇంజనీరు, లెక్కల యధికారి, న్యాయవాది ముగ్గురును కూర్చుండి పరీక్షింపవలెను.

ఇది గతించిన కథలపై వగపు మాత్రము కాదు. 1885, 1933 శాసనములకు బదులుగా 2023లో క్రొత్త టెలికాం చట్టము చేయబడినది. వేలము సామాన్య నియమమనియు, కొన్ని యుపగ్రహ సేవలు మొదలగువానికి వేలము లేకయే తరంగముల నీయవచ్చుననియు అందున్నది. ఆ సేవలకు సవరించిన స్థూలాదాయముపై నూటికి 4 చొప్పున రుసుము గైకొనవలెనని 2025 మే నెలలో నియంత్రణ సంస్థ సిఫారసు చేసినది. మరల ఆదాయమను ఆ మాటయే! పదునారేండ్లకు పైగా కోర్టుల చుట్టు త్రిప్పిన మాట మరల కాగితమున కెక్కుచున్నది. ఈసారి దానిని వ్రాయు కలము ఎవరిది, ఆ కలమునకు స్వాతంత్ర్య మెంత యని ప్రజలు ముందే యడుగవలెను. చేను కోసినపిదప గట్టు కొలిపించుట వ్యర్థము. కంచెయే చేను మేయకుండ చూచుకొనువాడే రైతు; తన యాకాశమునకు వకీలు ఎవరని యడుగువాడే పౌరుడు.