అగ్గిపెట్టెల మేడ

బొమ్మరిల్లు కట్టుట వట్టి కాలక్షేపమని పెద్దలు తలంతురు. వాన కురియు దినమున బిడ్డలు అల్లరి చేయక ఒక మూల కూర్చుండుటకు అది మంచి ఉపాయమని మాత్రమే మెచ్చుకొందురు. ఇల్లూడ్చు వేళ కాగానే ఆ మూలనున్న అట్టముక్కలు, కొబ్బరియీనెలు, అగ్గిపెట్టెలు చెత్తబుట్టలో పడును. మరునాడు అంగడి నుండి రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మరిల్లు వచ్చును. దానికి తలుపులు, కిటికీలు, మంచములు అన్నియు ముందే అమర్చబడి యుండును. బిడ్డ చేయవలసిన పని యేదియు మిగులదు. కొని తెచ్చినది కంటికి ఇంపుగా నుండవచ్చును. కాని విద్య ఊడ్చి పారవేసిన దానిలోనే యున్నది.

అడుగునకు అంగుళము చొప్పున కొలత పెట్టుకొన్నచో, 5½ అడుగుల మనిషికి బదులు 5½ అంగుళముల బొమ్మ నిలుచును. 7 అడుగుల ద్వారము 7 అంగుళములగును. అగ్గిపెట్టె పొడవు సుమారు 2 అంగుళములు గనుక, మూడింటిని వరుసగా తుమ్మబంకతో అంటించినచో 6 అడుగుల మంచము సిద్ధమగును. సోడాబుడ్డి మూత అంగుళమును పావు వెడల్పుండును. దానిని కంచముగా పెట్టిన బాలికకు చిక్కు వచ్చును. బొమ్మల లోకమున అది 15 అంగుళముల పళ్లెము! ఒక్కరి భోజనమునకు మిక్కిలి పెద్దది; పేరంటమునకు వచ్చినవారికి తాంబూలము లందించుటకైన తగియుండును. కొబ్బరిచిప్ప గిన్నె కానేరదు. పెరటిలోని నీళ్లతొట్టి కావలెను. పలకమీద త్రైరాశికమనిన ఆవులించు పిల్లలు ఇచ్చట దానిని తమకు తెలియకుండగనే చేయుదురు. ఇది బాలికల ఆటయని బాలురను దూరముగా నుంచినవారెవరో గాని, వారికి మేలు చేయలేదు.

కొలతతోపాటు, ఒక వస్తువులో మరియొక వస్తువును చూచు నేర్పు అలవడును. ఈనెలు కిటికీ కమ్ములగును. మడతబందు లేనిచోట గుడ్డపేలిక తలుపును పట్టి యుంచును. చిరిగిన చీర అంచు తెరయగును. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారికి ఈ నేర్పు తరతరముల నుండి వచ్చినది. వారు తెల్లపొణికి కర్రతో అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడిని రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతుకుదురు. చెత్తయని ఇతరులు ఊదివేయు పొట్టు మరల బొమ్మ దేహములోనికే చేరును.

ఘనమైన బొమ్మరిండ్లును లోకమున లేకపోలేదు. నేటి రాష్ట్రపతి భవనమునకు రూపకల్పన చేసిన లుట్యెన్సు, 1921 – 1924 నడుమ ఇంగ్లండు రాణి మేరీ కొరకు ఒక బొమ్మరింటిని నిర్మింపజేసెను. దానికిని అడుగునకు అంగుళమే కొలత. అందు కుళాయిలలో నీరు వచ్చును, విద్యుద్దీపములు అమర్చబడినవి, గ్రంథాలయమున కానన్ డాయిల్ మొదలగు రచయితల చిన్నారి పుస్తకములున్నవి. విండ్సరు కోటలో నేటికిని దానిని చూడవచ్చును. అది అద్భుతమే. అయినను కట్టిన వేడుక ఆ శిల్పులది. రాణికి మిగిలినది చూచు వేడుక.

చేతితో కట్టిన యిల్లు వంకరగా నుండునని, ఇల్లంతయు బంక యగునని తల్లులు చెప్పుమాట నిజమే. కత్తితో అట్ట కోయునపుడు పెద్దలొకరు దగ్గర నుండుటయు అవసరమే. కాని దగ్గర నుండుట వేరు, బిడ్డ చేతిలోని పనిని లాగుకొనుట వేరు. పాఠశాలా ప్రదర్శనములకు వచ్చు మేడలు కొన్ని తండ్రులు రాత్రి మేల్కొని కట్టినవే. పిల్లలు వానిని మోసికొని వత్తురు. బహుమతి గూడ మోసికొని పోవుదురు. ఇది న్యాయము కాదు.

బహుమతి నిచ్చువారు మేడ చుట్టు తిరిగి చూచుటతో తృప్తిపడరాదు. ద్వారము 7 అంగుళములేల యున్నదని దానిని తెచ్చిన బిడ్డను అడుగవలెను. కట్టిన బిడ్డ చెప్పగలదు. మొదట 5 అంగుళములే కోసినట్లును, బొమ్మ తల తగిలినందున మరల క్రొత్త అట్ట కోసినట్లును, ఆ పాత ముక్కయే ఇప్పుడు వంటయింటి అలమారకు తలుపైనట్లును గూడ చెప్పును.