చట్రం లేని బండి

క్రిందటి వారం మా కాలేజీ విద్యార్థి ఒకడు పందెపు మోటారు సైకిళ్ళ మీద వ్యాసం రాసి, దిద్దమని తెచ్చాడు. బండి ధర, రంగు, గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో అన్నీ ఉన్నాయి. లోపల ఏ భాగం ఏ పని చేస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. "అవన్నీ ఎవరు చదువుతారు మాస్టారూ?" అన్నాడు. నేను చదువుతాను నాయనా అని, అతనికి జాన్ బ్రిటెన్ సంగతి చెప్పాను. మీకూ చెబుతాను.

బ్రిటెన్ 1950లో న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో పుట్టాడు. అక్షరాలు తారుమారుగా తోచే లోపంవల్ల చదవటం, రాయటం అతనికి గండంగా ఉండేది. అయినా ఇంజనీరింగు చదివాడు. కొద్దిమంది స్నేహితులను కూడగట్టుకుని, ఇంటి దగ్గరి షెడ్డులోనే ఒక పందెపు బండి తయారుచేశాడు. దాని పేరు వి-1000. తీగెలు వంచి, జిగురుతో అతికించి, ముందుగా దాని ఆకారం చూసుకున్నాడట, మన పిల్లలు బొమ్మల కొలువుకు రథం చేసినట్టు!

మామూలు మోటారు సైకిలుకు చట్రమే ఎముకల గూడు. ఇంజనునూ, చక్రాలనూ దానికే బిగిస్తారు. బ్రిటెన్ ఆ చట్రాన్నే తీసేశాడు. మరి చక్రాలు దేనికి తగిలించాలి? ఇంజనుకే! రెండు సిలిండర్లు 60 డిగ్రీల కోణంలో విచ్చుకున్న ఆ 999 సీసీల ఇంజను బండిని పరుగెత్తించటమే కాక, బరువంతా తానే మోసింది. సంపాదించి తెచ్చే ఇంటాయనే దూలానికి బదులు నిలబడి కప్పు మోసినట్టన్నమాట.

నాకు అన్నిటికన్నా ముచ్చట వేసింది రేడియేటరు. ఇంజను వేడిని లాగేసే ఈ జల్లెడవంటిది సాధారణంగా ముందు చక్రం వెనక, గాలికి ఎదురుగా ఉంటుంది. గాలి బాగా తగిలే మాట నిజమే. కాని దాని వెడల్పే గాలికి అడ్డు. వేగానికి గాలిని మించిన శత్రువు లేదు కదా! బ్రిటెన్ దాన్ని సీటు కింద దాచి, బండి ముందునుంచి గాలి అక్కడికి వచ్చేటట్టు దారి పెట్టాడు. వెనక చక్రం కుదుపును మింగే స్ప్రింగునేమో ఇంజను ముందుకు తెచ్చాడు. వెనకది ముందుకూ, ముందుది వెనక్కూ! ఇంత తలకిందులు చేసి కూడా బండి నడిచిందా అంటారా? గంటకు 300 కిలోమీటర్లు దాటింది.

ముందు ఫోర్కూ, చక్రాలూ కూడా కార్బన్ ఫైబరుతో తానే చేసుకున్నాడు. కార్బన్ దారాలతో నేసిన గుడ్డను జిగురులో తడిపి, అచ్చులో పెట్టి గట్టిపరుస్తారు. ఉక్కుకన్న ఎంతో తేలిక. అందుకే బండి మొత్తం 138 కిలోలే, ఇద్దరు మనుషుల బరువు. శక్తి చూస్తే 166 హార్స్ పవరు.

1992లో అమెరికాలోని డేటోనాకు తీసుకెళ్ళాడు. ఆండ్రూ స్ట్రౌడ్ నడిపాడు. పెద్ద కంపెనీల బండ్లను వెనక్కు నెట్టి ముందుకు పోతూ ఉండగా, గెలుపు చేతికందే వేళకు, బండి ఆగిపోయింది. ఆగింది తన ఇంజను కాదు, తన చక్రాలు కావు. బాటరీకి విద్యుత్తు అందించే రెక్టిఫయరు పాడయింది. బండిలో చేత్తో చేయక, కొని బిగించిన కొద్ది భాగాల్లో అదొకటి! పరుగెత్తే ఇంజను పుట్టించే విద్యుత్తును అది బాటరీకి పనికివచ్చేటట్టు మారుస్తుంది. అది లేకపోతే బాటరీ ఎండిపోతుంది, సిలిండర్లలో నిప్పు రవ్వ పుట్టదు. 166 గుర్రాలూ నిలువునా నిలబడిపోతాయి.

1994లో అదే పందెం స్ట్రౌడ్ అదే రకం బండి మీద గెలిచాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో బ్రిటెన్ కాన్సరుతో పోయాడు. అప్పటికి నలభై అయిదేళ్ళు. అటువంటి బండ్లు మొత్తం పదే తయారయ్యాయి.

మా విద్యార్థి నిన్న వ్యాసం తిరగరాసి తెచ్చాడు. రెక్టిఫయరుకు ఒక పేజీ ఇచ్చాడు. ధరలు కొట్టేశాడు. రంగు మాత్రం వదల్లేదు: బ్రిటెన్ బండి నీలమూ, గులాబీనట.