లాగేది అదే... నేర్పింది మనమే!

ఉదయం ఆరు గంటలు. మంగళగిరి గాలిగోపురం మీద ఎండ ఇంకా పూర్తిగా పడలేదు. పాల ప్యాకెట్ల కుర్రాడు సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోతున్నాడు. పక్క సందులో అప్పుడే గుంట మగ్గం టకటకలాడుతోంది. అంతలో ఓ ఇంటి గేటు తెరుచుకుంటుంది. ముందు కుక్క... దాని వెనక గొలుసు... ఆ వెనక గొలుసుని రెండు చేతులా పట్టుకుని, చెప్పు జారిపోతున్నా ఆగలేక పరుగు లాంటి నడక నడుస్తూ ఆ ఇంటి పెద్దాయన!

"బాబాయ్ గారూ, కాస్త గట్టిగా పట్టుకోండీ!" అంటూ ఎదురింటావిడ పిల్లాణ్ని చంకనెత్తుకుంటుంది. "ఏం చెయ్యదమ్మా, ఆడుకుంటుందంతే" అని ఆయన ఆయాసపడుతూనే ధైర్యం చెబుతాడు. ఇంతకీ ఎవరు ఎవర్ని వాకింగ్‌కి తీసుకెళ్తున్నట్టు?

కుక్కల్ని పెంచే ఇళ్లున్న ఏ వీధిలోనైనా కనిపించే దృశ్యమే ఇది. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. కానీ దీని ముగింపు మాత్రం నవ్వులాట కాదు. ఓ రోజు ఆ పెద్దాయన తూలి పడొచ్చు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ లేచి నడవడం ఎంత కష్టమో మనకు తెలిసిందే. మరో రోజు బడికెళ్లే పిల్ల బెదిరిపోయి రోడ్డు మీదికి పరుగెత్తొచ్చు. ఆ సాయంత్రమే ఇంట్లో తీర్మానం అయిపోతుంది... 'ఇక దీన్ని బయటికి తియ్యొద్దు!' అంతే, ఆ రోజు నుంచి దాని లోకం మేడమెట్ల కింద నాలుగడుగుల గొలుసు. బయటికి తియ్యకపోతే ఒంట్లో ఉన్న హుషారు ఖర్చు కాదు. అలా మిగిలిపోయిన హుషారంతా మళ్లీ గేటు తెరిచిన రోజున రెట్టింపై బయటపడుతుంది. 'చూశారా, ఇది మారదు' అంటాం మనం. మారదా? మారుతుంది. ముందు మారాల్సింది గొలుసుకి ఈ చివర ఉన్నవాళ్లు!

ఎందుకు లాగుతుంది?

కుక్క లాగేది పొగరుతో కాదు. దాని మామూలు నడకే మనకంటే వేగం. పైగా దాని ముక్కు సామాన్యమైనది కాదు. వాసన పట్టే గ్రాహకాలు మనకి సుమారు 50, 60 లక్షలుంటే దానికి 20 కోట్ల పైమాటే. కరెంటు స్తంభం మనకి ఉత్త స్తంభం. దానికి మాత్రం ఆ వీధి దినపత్రిక! రాత్రి ఎవరొచ్చారో, ఎటు పోయారో అన్నీ అక్కడే చదువుకుంటుంది.

అసలు సంగతి ఇంకోటుంది. అది స్తంభం వైపు లాగింది, మనం వెనకాలే వెళ్లాం. పిల్లి వైపు లాగింది, నాలుగడుగులు వేశాం. అంటే లాగితే దారి దొరుకుతుందని రోజూ రెండు పూటలా మనమే పాఠం చెబుతున్నామన్నమాట. ఫలితం దక్కిన పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లోనే పిల్లుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. కుక్కకైనా సూత్రం అదే.

'నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుంది, మనమే బాస్ అని తెలియాలి' అనేవాళ్లూ ఉన్నారు. తోడేళ్ల గుంపులో 'నాయకుడు' మిగతావాటిని అణచి ఉంచుతాడన్న నమ్మకం నుంచి వచ్చిన మాట ఇది. 1970లో రాసిన పుస్తకంతో ఆ భావనకి ప్రచారం తెచ్చిన డేవిడ్ మెచ్ అనే శాస్త్రవేత్తే 1999లో దాన్ని సరిదిద్దాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే మామూలుగా ఒక కుటుంబం, ముందు నడిచేది తల్లిదండ్రులు అని తేల్చాడు. మన కుక్కకి కావలసిందీ బాస్ కాదు, ఇంటి పెద్ద!

నడక గుమ్మంలోనే మొదలు

గొలుసు చప్పుడు వినగానే గంతులు మొదలవుతాయి కదా! అక్కడే ఆగండి. 'పద పద' అంటూ మీరూ తొందరపడకండి. గొలుసు మళ్లీ మేకుకి తగిలించి కూర్చోండి. అది నెమ్మదించాక తియ్యండి. మళ్లీ గెంతిందా, మళ్లీ తగిలించండి. మొదటి రోజుల్లో ఇందుకే పావుగంట పట్టొచ్చు. కంగారేం లేదు. నాలుగు కాళ్లూ నేల మీదుంటేనే గేటు తెరుచుకుంటుందని దానికి అర్థం కావడమే ఆ పావుగంట పని.

వీధిలోకి వచ్చాక ఒకే ఒక్క నియమం. గొలుసు బిగిసిందా, ఆగిపోండి. తిట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. చెట్టులా నిలబడండి. అది వెనక్కి తిరిగి మీ వంక చూసి గొలుసు వదులైన మరుక్షణం 'శభాష్' అని అడుగు వెయ్యండి. మీ మోకాలి పక్కన నడిచినంతసేపూ మధ్యమధ్యలో చిన్న తాయిలం పెట్టండి. ఉడికించిన కోడిమాంసం ముక్క చాలు. ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలకూడదు. గుంటూరు రుచి మనకే! స్తంభం దగ్గర కాసేపు వాసన చూడనివ్వడం కూడా బహుమతే. కాకపోతే అక్కడిదాకా లాగకుండా రావాలి.

మొదటి వారం సందు చివరికైనా చేరకపోవచ్చు. ఫరవాలేదు. అయితే ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. పొద్దున తాతగారు ఆగి, సాయంత్రం మనవడు దాంతోపాటే పరుగెత్తితే తాతగారి కష్టమంతా గంగపాలే.

గొంతు బిగించే గొలుసులు వద్దు. ఛాతీ ముందు కొక్కెం ఉండే హార్నెస్, ఐదారడుగుల పట్టీ మేలు. పట్టీని మణికట్టుకి చుట్టుకోవడం మాత్రం ప్రమాదం. అది ఒక్కసారిగా ఉరికితే మీరూ పడతారు.

దూరమే మందు

వీధికుక్కలు, పిల్లులు, మిర్చి టిక్కీల లారీలు... కొన్నిటిని చూస్తే పూనకం వచ్చినట్టవుతుంది. అలాంటప్పుడు 'సిట్' అని అరిచినా దాని చెవికెక్కదు. మంచి తాయిలం చేతిలో పెట్టినా తినడం లేదంటే మరీ దగ్గరికి వెళ్లిపోయారని అర్థం. వెనక్కి రండి. అవతలిదాన్ని చూస్తూ కూడా మీ చేతిలోది తినగలిగేంత దూరంలో నిలబడండి. చూసిన ప్రతిసారీ ఓ ముక్క. రోజులు గడిచేకొద్దీ రెండేసి అడుగులు దగ్గరికి. గంట మోగితే అన్నం వస్తుందని కుక్క నోరూరినట్టే, ఎదుటి కుక్క కనిపిస్తే మా ఇంటాయన ముక్క పెడతాడని దానికి అలవాటవుతుంది. అరుపు తగ్గి చూపు మీ వైపు తిరుగుతుంది.

మనసు కుదురుగా ఉంటే కుక్క ఏం చేయగలదో మంగళగిరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడి ఏపీఎస్పీ ఆరో బెటాలియన్‌లో పోలీసు జాగిలాల శిక్షణ, అది పూర్తయ్యాక కవాతులు జరిగాయి. ఆ జాగిలాలు వేలమంది జనంలో, మైకుల హోరులో పనిచేయాలి. వాటికీ హుషారు తక్కువేం కాదు. అసలు హుషారున్న కుక్కనే ఆ పనికి కోరుకుంటారు. తేడా అల్లా ప్రతి కుక్కకీ తనకంటూ ఒక హ్యాండ్లర్, నెలల తరబడి రోజూ సాధన, సరిగ్గా చేసినప్పుడు మెచ్చుకోలు. మన టామీ బాంబులు కనిపెట్టక్కర్లేదు. కూరగాయల బండిని దాటితే చాలు!

ఇవీ మరవొద్దు

మన ఎండల్లో తారురోడ్డు పెనంలా కాలుతుంది. చేతి వెనకభాగం రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉంచలేవు. వేసవిలో తెల్లవారుజామున, లేదంటే నేల చల్లబడ్డాక తిప్పండి. మూడు నెలల వయసుకి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టర్ వేయించనిదే వీధి ముఖం చూపించొద్దు. ఏటా జులై 6న జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటారు. మొన్నటిదాకా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి మీద పడుతుంటే ముందు పశువుల డాక్టరుకి చూపించండి. చెవిపోటో, కీళ్లనొప్పో అయ్యుండొచ్చు. దానికి నోరుంది గానీ మాట లేదు కదా!

మగ్గం మీద చీర ఒక్కరోజులో దిగదు. ఇదీ అంతే. ఈ రోజు గొలుసు వదులుగా వేలాడుతుండగా పదడుగులు నడిచారా? రేపు పదకొండు. ఆ ఒక్క అడుగు చాలు, దాన్ని మెట్ల కింది గొలుసు నుంచి తప్పించడానికి.